డ్రైడెన్ (కెనడాలోని ఒంటారియో) వస్తున్నాను: చలి, చేపలు, ఇరుగుపొరుగు

ప్రశ్న: జనవరిలో డ్రైడెన్ పల్ప్ (కాగితపు గుజ్జు) మిల్లులో చేరుతున్నాను. కారు ఎలాంటిది కొనాలి? చెరువు చేపలు తినొచ్చా? పక్కనున్న ఓజిబ్వే (అక్కడి మూలవాసులు) ఊళ్ళవాళ్ళతో ఎలా మసలుకోవాలి?

— తమ్ముడూ, ముందు లైసెన్సు. ఇండియా లైసెన్సును ఇక్కడ నేరుగా మార్చివ్వరు, అది 60 రోజులే చెల్లుతుంది. బయలుదేరే ముందే ఆర్టీఓ ఆఫీసులో, ఎన్నేళ్ళుగా లైసెన్సు ఉందో ఇంగ్లీషులో రాసిన లెటర్ తీసుకో. రెండేళ్ళు దాటిన అనుభవం ఆ లెటర్‌తో రుజువైతే, రాతపరీక్ష పాసయ్యాక నేరుగా జీ (పూర్తి లైసెన్సు) రోడ్డు పరీక్షకే వెళ్ళొచ్చు. లెటర్ లేకపోతే మెట్టుమెట్టుగా ఎక్కాల్సిందే.

కారుకు బ్లాక్ హీటర్ (ఇంజన్‌ను కరెంటుతో వెచ్చబరిచేది) ఉందా చూడు. ముందు గ్రిల్లులోంచి ప్లగ్గు వేలాడుతుంటుంది. మైనస్ 15 దాటితే బయలుదేరడానికి మూడు నాలుగు గంటల ముందు పెడితే చాలు. రాత్రంతా పెడితే బిల్లు పెరగడమే తప్ప ఒరిగేదేమీ లేదు, టైమర్ పెట్టుకో. ఇంట్లో వాడే సన్న వైరు చలికి బిర్రబిగిసి పగులుతుంది, బయట వాడే మూడు పిన్నులది కొను. అద్దం కడిగే నీళ్ళ డబ్బా మీద మైనస్ 40 అని ఉండాలి. ఇక హైవే 17 మీద పొద్దు వాలాక మూస్‌లు (భారీ దుప్పిలాంటి జంతువులు) రోడ్డెక్కుతాయి. వాటి కాళ్ళు పొడుగు, కారు తగిలితే ఒళ్ళంతా అద్దం మీదికే వస్తుంది. నెమ్మదిగా పో.

— పప్పులు, మసాలాలకు విన్నిపెగ్ గానీ థండర్ బే గానీ, రెండూ దాదాపు 350 కిలోమీటర్లే. థండర్ బే గడియారం మాత్రం డ్రైడెన్ కంటే గంట ముందుంటుంది. అక్కడ పది గంటలకు డాక్టరు అపాయింట్‌మెంట్ అంటే మనకు తొమ్మిదే. చాలామంది తప్పేది ఇక్కడే.

— చేపల విషయంలో చెరువునీ నదినీ కలిపేయకండి. వాబిగూన్ చెరువు మిల్లుకు ఎగువన ఉంది. నీళ్ళు మట్టిరంగులో ఉంటాయి గానీ అది బంకమట్టి వల్లే. చెరువులోంచి బయటికొచ్చే వాబిగూన్ నది మీద, 1962 నుంచి 1970 దాకా, గుజ్జును తెల్లబరిచే రసాయనాలు చేసే ప్లాంటు సుమారు 9 టన్నుల పాదరసం వదిలింది. దిగువన ఉన్న గ్రాసీ నారోస్, వైట్‌డాగ్ ఓజిబ్వే ఊళ్ళకు తిండీ, చేపల బతుకుదెరువూ రెండూ పోయాయి. పాదరసం తెచ్చిన జబ్బులు ఇంకా తీరలేదు. కాబట్టి మిల్లు క్యాంటీన్లో "అదంతా పాత కథ" అని ఎవరైనా అన్నా తలాడించకండి.

పాదరసం కండలోనే ఉంటుంది. తోలు తీసినా, కొవ్వు కోసేసినా, చింతపండు పులుసులో ఎంత మరిగించినా పోదు. పెద్ద చేప చిన్నవాటిని తిని బతుకుతుంది గనుక దానిలోనే ఎక్కువ పేరుకుంటుంది. అందుకని చిన్న పికరెల్ (ఇక్కడ దొరికే చేప) వండుకోవడం మేలు. ఒంటారియో ప్రభుత్వం ఏ నీళ్ళలో ఏ సైజు చేప నెలకు ఎన్నిసార్లు తినొచ్చో పట్టిక వేసింది. గర్భిణులకూ పిల్లలకూ లెక్క వేరు. చేపలు పట్టాలంటే అవుట్‌డోర్స్ కార్డు (వేటకూ చేపలకూ ప్రభుత్వమిచ్చే గుర్తింపు కార్డు), చేపల లైసెన్సు రెండూ ఉండాలి.

గడ్డకట్టిన చెరువు మీద నడవాలంటే కనీసం 15 సెంటీమీటర్ల తేట మంచు ఉండాలి, స్నోమొబైల్‌కు (మంచు మీద నడిపే బండి) 25. తెల్లమంచుకు బలం సగమే. వాగు కలిసే చోట, నది బయటికెళ్ళే చోట నమ్మొద్దు.

— ఇది ఓజిబ్వేలకూ ప్రభుత్వానికీ 1873లో కుదిరిన ఒప్పందం, ట్రీటీ 3 కిందికొచ్చే నేల. తూర్పున వాబిగూన్ లేక్, పడమట ఈగిల్ లేక్ ఓజిబ్వే ఊళ్ళు. "రెడ్ ఇండియన్" అన్న మాట నోట రానివ్వకు. పలకరింపుకు "బూజూ", కృతజ్ఞతకు "మీగ్వెచ్". పౌవౌకు (వాళ్ళ ఆటపాటల పండుగ) అందరూ వెళ్ళొచ్చు. గ్రాండ్ ఎంట్రీ (నాట్యం చేసేవాళ్ళు వరుసగా లోపలికి రావడం) అప్పుడు లేచి నిలబడు, టోపీ తియ్యి, అడక్కుండా ఫొటో వద్దు. నాట్యం చేసేవాళ్ళవి వేషాలు కావు, రెగాలియా (గౌరవంగా చూసుకునే సంప్రదాయ దుస్తులు), ముట్టుకోవద్దు. మందు తాగి వెళ్ళొద్దు. పెద్దవాళ్ళ దగ్గర ఏదైనా నేర్చుకోవాలంటే ముందు కాస్త పొగాకు చేతిలో పెట్టి అడగడం ఆచారం. మనం తాంబూలం ఇచ్చినట్టే అనుకో.

2024 నవంబరులో అణువ్యర్థాల భూగర్భ నిల్వకు వాబిగూన్ లేక్–ఇగ్నేస్ ప్రాంతాన్ని ఎంచారు. దాని మీద ఇళ్ళలోనే రెండు మాటలున్నాయి. కొత్తవాళ్ళు వినడం మంచిది.

మనోమిన్, అంటే చెరువుల్లో పండే అడవి బియ్యం, ఓజిబ్వేల దగ్గరే కొను. సొంతంగా దులపడానికి పోవద్దు. కప్పుకు మూడు కప్పుల నీళ్ళు, కుక్కర్ వద్దు, ముద్దయిపోతుంది. కట్టెల మీద వేయించిన గింజ పాతిక నిమిషాల్లో విచ్చుకుంటుంది, నల్లగా మెరిసే పొలం రకానికి ముప్పావు గంట పైనే. మిగిలిన నీళ్ళు వంచేసి, ఆరాక పులిహోర కలుపు.