ఉపవాసం తప్పినవాళ్లకు లూకా 18 ఎలా బోధించాలి?

అందరికీ వందనాలు. బొబ్బిలి దగ్గర పల్లెలో శుక్రవారం కూడికకు 40 నిమిషాల పాఠం సిద్ధం చేస్తున్నాం. వరికోతల్లో ఉపవాసం తప్పితే "ఏ మొహం పెట్టుకుని ప్రార్థన చేస్తాం" అని అక్కలు రావడమే మానేస్తారు. దేవుని కనికరాన్ని ఉపవాసానికి దక్కే కూలి అనుకోవడమే దీనికి మూలం. లూకా 18లో యేసు చెప్పిన కథలో వారానికి 2 ఉపవాసాలు, రాబడిలో పదోవంతు కానుక అని లెక్క చెప్పుకున్నది పరిసయ్యుడు (ధర్మశాస్త్రాన్ని కచ్చితంగా పాటించే యూదు శాఖవాడు). రొమ్ము కొట్టుకుంటూ "నన్ను కరుణించుము" అన్న సుంకరే (పన్నులు వసూలు చేసేవాడే) నీతిమంతుడిగా ఇంటికెళ్లాడు. ఆ "కరుణించుము"కు గ్రీకు మాట కరుణాపీఠం అనే మాటకు దగ్గర చుట్టం (ఇది తప్పక చెప్పాలి). ఆజ్ఞల పలకలుంచిన మందసమనే పెట్టె మీద, బలి రక్తం చిలకరించే బంగారు మూత అది, రెండున్నర మూరల పొడవు, మూరన్నర వెడల్పు. చదువురానివాళ్లకు దాన్ని ఎలా చూపిస్తే బాగుంటుంది? నేలమీద ముగ్గుతో కొలత గీస్తే చాలా? "అయితే ఉపవాసమే వద్దా?" అని అడుగుతారు కాబట్టి రోమా 6:1 ("కృప విస్తరించాలని పాపంలోనే ఉండిపోదామా?" అనే వచనం) మొదట చదవాలా, చివర్లోనా? బోధించినవాళ్లు దయచేసి చెప్పండి.