ఆటిజం ఉన్న ఎదిగిన పిల్లలకు లొకేషన్ ట్రాకింగ్: మీ ఇళ్లలో ఎలా సాగుతోంది?

మియాపూర్ అమ్మ:
మా అబ్బాయికి 23 ఏళ్లు. మియాపూర్ నుంచి రాయదుర్గం దాకా మెట్రోలో ఒంటరిగా ఉద్యోగానికి వెళ్తున్నాడు. రైలు మారవలసిన అమీర్‌పేట దగ్గరే నాకు గుండె దడ. అక్కడ రెండు లైన్లు ఒకదానిపై ఒకటి ఉండడంతో గూగుల్ మ్యాప్స్‌లో చుక్క ఒకేచోట నిలిచిపోతుంది. పై అంతస్తుకు చేరాడో, కిందే చెవులు మూసుకుని నిలబడ్డాడో తెలియదు. మీరేం వాడుతున్నారు?

గుంటూరు నాన్న:
వాట్సాప్ లైవ్ లొకేషన్ 8 గంటలకు ఆగిపోతుంది కనుక తిరుగు ప్రయాణానికి అక్కరకు రాదు. అందుకే మావాడి సంచి లోపలి అరలో ఎయిర్‌ట్యాగ్ (వస్తువు ఎక్కడుందో చెప్పే ఆపిల్ వాళ్ల చిన్న బిళ్ల) పెట్టి కుట్టేశాను. చెబితే సంచి ముట్టడు కాబట్టి చెప్పలేదు.

పరికరాల నిపుణుడు:
చాలా ఏళ్లుగా ఈ రంగంలోనే ఉన్నవాణ్ని కనుక చెబుతున్నాను. ఎయిర్‌ట్యాగ్‌లో జీపీఎస్ ఉండదు. పక్కనుంచి వెళ్లే ఆపిల్ ఫోన్లే దాని జాడ చెబుతాయి. పైగా ‘తెలియని ట్యాగ్ మీతో వస్తోంది’ అన్న హెచ్చరిక మీ అబ్బాయి ఫోన్‌కే రావచ్చు. యజమాని ఫోన్‌కు గంటల తరబడి దూరమైన ట్యాగ్, కదిలినప్పుడు తనంతట తానే మోగుతుంది. శబ్దానికి బెదిరే మనిషి సంచిలో అది మోగితే ఏమవుతుందో ఆలోచించండి.

బెజవాడ ఆటిస్టిక్:
ఆటిజం ఉన్నది నాకే. నా లొకేషన్ మా అక్కకు నేనే షేర్ చేశాను, ఆపడం కూడా నా చేతిలోనే ఉంది. రద్దీలో నాకు మాట పెగలనప్పుడు ఒక్క సందేశం పెడితే, చుక్క చూసి ఆటో పంపిస్తుంది. గుంటూరు నాన్న గారూ, చెప్పకుండా కుట్టడం నిఘా.

గుంటూరు నాన్న:
ఇంత చక్కగా రాయగలిగిన మీరు మాట రాని మావాడి సంగతి తేల్చకండి. కలెక్టర్ గారి కమిటీ ద్వారా వాడికి గార్డియన్‌షిప్ (చట్టపరమైన సంరక్షకత్వం) తీసుకున్నవాణ్ని నేను. వాడు తప్పిపోతే వెతకాల్సింది మీరు కాదు!

విశాఖ న్యాయవాది:
ఆ గార్డియన్‌షిప్ 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద వచ్చింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం పరిమిత సంరక్షకత్వాన్ని చెబుతూ, సంరక్షకుడూ ఆ వ్యక్తీ పరస్పర నమ్మకంతో కలిసి నిర్ణయించుకోవాలంటుంది. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు తేల్చింది. సంరక్షకుడు ఉన్నంత మాత్రాన ఆ హక్కు పోతుందని నేను అనుకోను.

గుంటూరు నాన్న:
చట్టాలు వల్లిస్తే పిల్లవాడు ఇంటికి చేరడు.

వరంగల్ తల్లి:
మా అమ్మాయికీ మాట రాదు, అయినా అడిగాం. మ్యాప్ తెరిచి ఆమె చుక్కనూ నా చుక్కనూ పక్కపక్కన చూపించి, బొమ్మల కార్డులతో ఎన్నో రోజులు వివరించాం. ఇప్పుడు నేను బజారు నుంచి ఆలస్యమైతే, ట్యాబ్ తెచ్చి నేనెక్కడున్నానో వాళ్ల నాన్నకు తనే చూపిస్తోంది. అడిగితే ఒప్పుకోరని ముందే తీర్మానించుకోకండి.

సికింద్రాబాద్ అన్న:
అందరూ అనుమతి గురించే మాట్లాడుతున్నారు గానీ, బ్యాటరీ సేవర్ ఆన్ అయితే చాలా ఫోన్లలో చుక్క పాతచోటే ఉండిపోతుంది. మ్యాప్స్‌కు దాని నుంచి మినహాయింపు ఇవ్వండి. పర్సులో పేరు, ఇంటివాళ్ల నంబరు, ‘నాకు ఆటిజం ఉంది, కాస్త సమయం ఇవ్వండి’ అన్న మాట రాసిన కాగితం కూడా పెట్టండి.