జయపురం జీపు: విదేశీ టబ్బా, ఊళ్లో రేకా?

జయపురం_సీజే
మహీంద్రా సీజే3బీ, పెట్రోలు, ఎఫ్‌హెడ్ ఇంజను. ఆర్‌సీలో తొలి రిజిస్ట్రేషన్ 1968. ఇంజను తిరుగుతోంది, బాడీయే పోయింది. ఫ్లోరు, వెనక మూలలు, సీటు కింది టూల్‌బాక్సు అన్నీ జల్లెడ. ఫిలిప్పీన్స్‌లో చేసిన కొత్త టబ్బు (బానెట్టు, గ్రిల్లు మినహా జీపు బాడీ తొట్టి), బ్రేకు వీల్ సిలిండర్లు, కార్బొరేటరు కిట్టు, డిస్ట్రిబ్యూటరు (ప్లగ్గులకి కరెంటు పంచేది) రోటరు, కండెన్సరు అమెరికా దుకాణం నుంచి తెప్పిద్దామనుకుంటున్నా. ఇక్కడి టింకరేమో ‘ఎందుకు బాబూ అంత ఖర్చు, నేను రేకు కొడతా కదా’ అంటున్నాడు. ఏది మేలు?

బరంపురం_ఫ్లాట్‌ఫెండర్
కళ్లు మూసుకుని తెప్పించండి. ఈ జీపులో తుప్పు పైనుంచి రాదు. ఫ్లోరు కింద అడ్డంగా టోపీ ఆకారంలో చానెళ్లుంటాయి. వాటిలో బురద చేరితే కోరాపుట్ వానలకి ఆరనే ఆరదు. మన టింకర్లు చానెల్ జోలికి పోకుండా పైన కొత్త రేకు అతికి, మీద తారు పూసి ఇచ్చేస్తారు. రెండు వానాకాలాలు తిరిగేసరికి మళ్లీ మొదటికే. పైగా డైలో నొక్కిన ఫ్లోరుకుండే గాళ్లు సుత్తితో రావు. అవి అందానికి పెట్టినవి కావు, రేకు డబడబలాడకుండా పట్టేవి అవే.

పర్లాకిమిడి_టర్నరు
ఆ టబ్బు రేకు గేజు, అంటే మందం, ఎంతండీ?

బరంపురం_ఫ్లాట్‌ఫెండర్
18.

పర్లాకిమిడి_టర్నరు
ఎవరు కొలిచారు?

బరంపురం_ఫ్లాట్‌ఫెండర్
కేటలాగులో ఉంది.

పర్లాకిమిడి_టర్నరు
కేటలాగుని వెల్డింగు చేస్తామేటి? 18 అంటే 1.2 మిల్లీమీటర్లు, 20 అంటే 0.9. ఆ 0.3 మిల్లీమీటర్ల తేడాకే వెల్డింగులో కన్నం పడిపోద్ది. రంగు గీకి మైక్రోమీటరు పెట్టి కొలిచినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పమనండి.

రాయగడ_డీజిల్
ఇంత గొడవెందుకు? మహీంద్రా ఎండీఐ డీజిల్ ఇంజను దించెయ్.

గుణుపురం_గేరు
రాయగడ వాళ్లకి ప్రతి రోగానికీ డీజిలే మందు.

సునాబెడ_మైక్రోమీటరు
టర్నరు గారూ, కొలిచేది చదునైన చోటే. వంపుల దగ్గర నొక్కుడుకి రేకు సాగి పల్చబడుతుంది, అక్కడ కొలిచి 20 గేజనేస్తే తప్పు.

అయినా ఆర్డరు పెట్టేముందు చూడాల్సింది గేజు కాదు. ఉత్త ‘విల్లీస్ టబ్బు’ అని అడిగితే విల్లీస్ కంపెనీ రెండో ప్రపంచ యుద్ధంలో చేసిన ఎంబీ జీపు టబ్బు అంటగడతారు. దాని కౌల్ (బానెట్టుకీ విండ్‌షీల్డుకీ మధ్య రేకు) పొట్టిది. ఎఫ్‌హెడ్‌లో ఇన్‌టేక్ వాల్వులు హెడ్డులోకి వెళ్లి ఇంజను ఎత్తు పెరిగింది కాబట్టే సీజే3బీకి బానెట్టూ కౌలూ పైకి లేపారు. పొట్టి కౌల్ మీద మీ బానెట్టు కూర్చోదు. గుర్తుపట్టాలంటే, ఎంబీ గ్రిల్లుకి తొమ్మిది గాళ్లు, మీదానికి ఏడు.

రెండోది స్టీరింగు. అక్కడి టబ్బులు ఎడమచేతి డ్రైవుకి కోసినవి. మన మహీంద్రాల్లో రెండు రకాలూ ఉన్నాయి. మీది కుడివైపైతే పెడళ్ల కన్నాలు, కాలమ్ కన్నం మూసి మళ్లీ కోయాలి. మూడోది కార్బొరేటరు. అమెరికా కిట్టు కార్టర్ వైఎఫ్‌కి. మన బళ్లలో సోలెక్స్ ఉన్నవి బోలెడు. డిస్ట్రిబ్యూటరూ అంతే, అక్కడ ఆటోలైట్, ఇక్కడ చాలావాటికి లూకాస్ టీవీఎస్. ఒకదాని రోటరు ఒకదానికి పట్టదు.

టబ్బు దిగాక నేరుగా రంగు షాపుకి పంపకండి. ఛాసిస్ ఐమూలలు రెండూ కొలవండి, సమానంగా రావాలి. తర్వాత టబ్బు, గ్రిల్లు, బానెట్టు, విండ్‌షీల్డు ఫ్రేము వదులు బోల్టులతో తగిలించి చూడండి. టబ్బు మీద వచ్చే నల్లరంగుని థిన్నరు గుడ్డతో రుద్దండి. గుడ్డకి అంటితే అది రవాణా రంగే, మొత్తం గీకేయాలి. అంటకపోతే గరుకు పట్టించి దానిమీదే ప్రైమరు కొట్టొచ్చు.

జయపురం_సీజే
స్టీరింగు ఎడమే. కార్బొరేటరు రేపు చూసి చెప్తా.

పర్లాకిమిడి_టర్నరు
రోటరు, కండెన్సరు మాత్రం పెట్టెలోవి నమ్మకు తమ్ముడూ. కొత్త రోటరు పెట్టావా, కాయిల్ నుంచి వచ్చే లావు వైరు డిస్ట్రిబ్యూటరు మూత లోంచి లాగి, కటింగ్‌ప్లయరుతో పట్టుకుని రోటరు ఇత్తడి రేకుకి అయిదారు మిల్లీమీటర్ల దూరంలో ఉంచి సెల్ఫు కొట్టించు. స్పార్కు రోటరు మీదికి దూకిందంటే అది లోపల్నుంచి షాఫ్టులోకి లీకవుతున్నట్టే. రివెట్టు మరీ లోపలికి దిగినవాటితో వచ్చే తంటా ఇది. కండెన్సరు అయితే చల్లగా ఉన్నప్పుడు బంగారం. ఘాటు రోడ్డు సగం ఎక్కి వేడెక్కాక ఆగిపోద్ది, అరగంట ఆగితే మళ్లీ ఏమీ ఎరగనట్టు లేస్తుంది. జనం పెట్రోలు పంపు విప్పుకుంటూ కూర్చుంటారు.

బరంపురం_ఫ్లాట్‌ఫెండర్
నాసిరకం ఇక్కడ లేదా? అమెరికా పెట్టెలో వచ్చే జీపు సామానులో మన దేశంలో చేసినవే సగం కనిపిస్తాయి.

పర్లాకిమిడి_టర్నరు
అదే కదా నేననేది! ఇక్కడ చేసినదానికి రెండు సముద్రాల కిరాయి ఎందుకు?

గుణుపురం_గేరు
కిరాయొక్కటే కాదు. సుంకం వేసేది వస్తువు ధర మీద కాదు, రవాణా, బీమా కలిపిన మొత్తం మీద. ఆ సుంకం కూడా కలుపుకుని పైన ఐజీఎస్టీ. టబ్బు పెట్టెలో ముప్పావు గాలే, ఆ గాలి మోసినందుకూ పన్ను.

సునాబెడ_మైక్రోమీటరు
రబ్బరు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఇప్పుడు బంకుల్లో ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. పెట్రోలు పంపు డయాఫ్రమ్ (లోపలి రబ్బరు పొర) ఎక్కడిదైనా సరే, బిగించేముందు అడ్డం, మందం కొలిచి, మూతున్న గాజుసీసాలో బంకు పెట్రోలు పోసి మూడు రోజులు నానబెట్టండి. ఉబ్బినా, మెత్తబడినా, పెట్రోలు నల్లబడినా అవతల పారేయండి. బ్రేకు కప్పుల్ని డాట్ 3 బ్రేకు ద్రవంలో ఇలాగే చూడొచ్చు. వాటికి ఇంజనాయిలు చెయ్యి తగలనివ్వద్దు, ఆయిలుకి ఆ రబ్బరు ఉబ్బి పిస్టను పట్టేస్తుంది.

పర్లాకిమిడి_టర్నరు
వీల్ సిలిండర్లు కొత్తవి అక్కర్లేదు. బోరులో గుంటలు పడితే పెద్దది చేసి, ఇత్తడి స్లీవు దిగ్గొట్టి, మళ్లీ పాత సైజుకి హోనింగు చేస్తే చాలు.

బరంపురం_ఫ్లాట్‌ఫెండర్
అంటే బ్రేకుల్ని లేతు షాపులో తిప్పించి కోరాపుట్ ఘాటు దిగమంటారా? మంచి సలహా. ఆ ఇంట్లోవాళ్లకి కూడా మీరే చెప్పండి.

పర్లాకిమిడి_టర్నరు
పెట్టెలో సిలిండరు తెచ్చి ఏ పైపు తగిలిస్తారు మీరు? జీపు పైపు నట్టు 3/8 అంగుళం, అంగుళానికి 24 మరలు. ఇక్కడ షాపులో దొరికేవి ఎం10, పిచ్ 1. మరల పిచ్ దాదాపు ఒకటే కాబట్టి అంగుళం నట్టు ఎం10 కన్నంలో తిరుగుతుంది, బిగిసినట్టే ఉంటుంది. బ్లీడింగుకి, అంటే పైపులో గాలి తీసేటప్పుడు, ఆగుతుంది. ఘాటులో రెండు కాళ్లూ వేసి తొక్కినప్పుడు మరలు ఊడిపోద్ది. లేతు షాపోడి స్లీవు అలా ఊడదు.

ఇంకో మాట. పెట్టెకి అడిగినంత పోస్తారు. అందులోది కూర్చోకపోతే మా దగ్గరికే తెస్తారు, ‘కాస్త ఆకురాయి పట్టు’ అని. ఆ కాస్త అరపూట పని. డబ్బు దగ్గరికొచ్చేసరికి ‘పెట్టెకే అయిపోయింది అన్నా’ అంటారు.

బరంపురం_ఫ్లాట్‌ఫెండర్
ఇదీ అసలు సంగతి! ముందే చెప్పుంటే గేజు మీద ఇంత కొట్టుకునేవాళ్లం కాదు. నాదీ వినండి. మీ పనివాళ్లు తేదీ చెప్పరు. పండగ తర్వాతంటారు, ఏ పండగో చెప్పరు. ఛాసిస్ ఏడాది షెడ్డులో కోళ్లకి గూడు. పెట్టెకైతే కనీసం ట్రాకింగు నంబరుంటుంది.

పర్లాకిమిడి_టర్నరు
అడ్వాన్సు ఇవ్వకుండా తేదీ అడిగితే పండగే చెప్తాం.

గుణుపురం_గేరు
😂 ఇది నిజం.

సునాబెడ_మైక్రోమీటరు
ఇద్దరూ అడగని ప్రశ్న ఒకటి. సీజే, జీపు దేనికి?

జయపురం_సీజే
ఆదివారాలు ఘాటెక్కాలి, వింటేజ్ నంబరూ కావాలి.

సునాబెడ_మైక్రోమీటరు
రెండూ కుదరవు. 2021 రూల్సు ప్రకారం తొలి రిజిస్ట్రేషన్‌కి 50 ఏళ్లు దాటాలి, మీది దాటింది. కానీ వింటేజ్ బండిని మామూలుగా రోడ్డు మీద తిప్పకూడదు. ప్రదర్శన, ర్యాలీ, మరమ్మతు, పెట్రోలు, అంతవరకే. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000, పదేళ్లకి. పైగా ఛాసిస్, బాడీ షెల్, ఇంజను మార్చి ఉండకూడదు.

బరంపురం_ఫ్లాట్‌ఫెండర్
అదే కొలతల టబ్బు వేస్తే మార్పెలా అవుతుంది? తుప్పు పట్టిన అసలుదానికన్నా అదే అసలు ఆకారానికి దగ్గర.

పర్లాకిమిడి_టర్నరు
ఆ మాట చూడ్డానికొచ్చిన కమిటీకి చెప్పండి. మూలలు, చానెళ్లు మార్చి మిగతాది ఉంచితే ఆ వాదనే రాదు.

బరంపురం_ఫ్లాట్‌ఫెండర్
చానెళ్లు మారుస్తానంటే నాకూ పేచీ లేదు. ఫ్లోరు, చానెళ్లు ముక్కలుగా విడిగా కూడా అమ్ముతారు, అవి తెప్పించుకోండి. అతికేది మీరే.

పర్లాకిమిడి_టర్నరు
సగం అడ్వాన్సు.

జయపురం_సీజే
కార్బొరేటరు చూశా, సోలెక్సే. కార్టర్ కిట్టు, రోటరు, కండెన్సరు లిస్టులోంచి కొట్టేశా. వింటేజ్ నంబరూ వదిలేశా, ఘాటే కావాలి. ఫ్లోరు, చానెళ్లు విడిగా ధర అడుగుతున్నా. హెడ్డు కూడా ఒకసారి విప్పి చూద్దామని ఉంది.

రాయగడ_డీజిల్
ఎలాగూ హెడ్డు విప్పుతున్నావు కదా...

పర్లాకిమిడి_టర్నరు
డీజిల్ మాటెత్తకండి. తమ్ముడూ, కార్బొరేటరు తీశాక ఆ కన్నంలోకి టార్చి కొట్టి చూడు, లోపల హెడ్డు బోల్టు ఒకటుంటుంది. అది తియ్యకుండా టైరులివరు పెట్టి హెడ్డు లేపకు. తిరిగి బిగించేటప్పుడు 60 నుంచి 70 ఫుట్‌పౌండ్లు, మధ్యనుంచి బయటికి.