స్కూల్ ఏఓలకి (అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసర్లకి), ప్రిన్సిపాల్స్‌కి ట్రైనింగ్ పెడితే బెజవాడ, గుంటూరులో నడుస్తుందా?

పటమట ఏఓ

నమస్తే అండి. పద్నాలుగేళ్లు ఒకే ప్రైవేటు స్కూల్లో చేశాను. మొదట ఆఫీసులో, తర్వాత ఏఓగా, చివరి మూడేళ్లు ప్రిన్సిపాల్ మేడం సెలవు పెట్టినప్పుడల్లా ఆవిడ కుర్చీలో కూడా నేనే. మార్చిలో మానేశాను. ఎందుకో అడగొద్దు, అది వేరే కథ.

ఇప్పుడు ఆలోచన ఏంటంటే స్కూళ్లు నడిపేవాళ్ల కోసం ఒక కోర్సు పెడదామని. అంటే ప్రిన్సిపాల్స్, వైస్ ప్రిన్సిపాల్స్, ఏఓలు, ఇన్‌చార్జిలు, వీళ్లకి. ఎనిమిది ఆదివారాలు, గవర్నర్‌పేటలో హాలు, మనిషికి 15,000. లీడర్‌షిప్, టైమ్ మేనేజ్‌మెంట్, పేరెంట్స్‌తో మాట్లాడటం, ఫైనాన్స్, చట్టాలు, ఇలా రోజుకో సబ్జెక్టు. టీచర్లకి ట్రైనింగులు బోలెడు ఉన్నాయి కానీ ఆఫీసు వైపు వాళ్లకి ఎవరూ ఏమీ నేర్పరు, నేనూ తిట్లు తింటూనే నేర్చుకున్నాను.

మార్కెట్ ఎంతుందో చూద్దామని యూడైస్ ప్లస్ (స్కూళ్ల వివరాలన్నీ ఉండే ప్రభుత్వ డేటాబేస్) లెక్కల్లోంచి ఎన్టీఆర్, గుంటూరు జిల్లాల ప్రైవేటు స్కూళ్లు తీసి, స్కూలుకి ఇద్దరు చొప్పున వేసి, అందులో ఐదు శాతం వస్తారనుకున్నాను. కాగితం మీద బ్రహ్మాండంగా వచ్చింది. ఆ ఐదు శాతం ఎక్కడిదంటే నా దగ్గర జవాబు లేదు, తక్కువగా ఉంది కదా అని వేశాను, అంతే. మా బావమరిదేమో ఈ ఊళ్లో ఎవరూ చేయట్లేదు, పోటీ లేదు, దిగిపో బావా అంటున్నాడు. మా ఆవిడేమో ఎవరూ చేయట్లేదంటే ఎందుకు చేయట్లేదో కనుక్కోండి ముందు అంటోంది. నాలుగు లక్షలు పక్కన పెట్టాను, అవి పోతే మళ్లీ రావు. ఈ ఫీల్డులో ఉన్నవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.

బ్రాడీపేట కరస్పాండెంట్

మీ ఆవిడ అడిగిందే అసలు ప్రశ్న.

మాది గుంటూరులో నర్సరీ నుంచి పదో తరగతి దాకా ఉన్న స్కూలు, కరస్పాండెంట్‌ని అంటే నడిపే యజమానిని నేనే, 420 మంది పిల్లలు. మా స్కూల్లో అడ్మినిస్ట్రేషన్ అంటే నేను, మా వారు, ఇరవై రెండేళ్లుగా ఉన్న అకౌంటెంట్ గారు. ప్రిన్సిపాల్ అని గది బయట బోర్డు ఒకావిడ పేరు మీదే ఉంటుంది గానీ, ఒక పిల్లాడి ఫీజులో ఐదొందలు తగ్గించాలన్నా ఆవిడ నా దగ్గరికి రావాల్సిందే. ఇలా ఉండటం మంచిదని చెప్పట్లేదు, ఉన్నది చెప్తున్నాను. ఇప్పుడు మీరు ఆవిడకి ఎనిమిది వారాలు ఫైనాన్స్ నేర్పితే, సోమవారం పొద్దున స్కూలుకొచ్చి ఏం చేస్తుంది? లీడర్‌షిప్ కూడా అంతే, లీడర్ కుర్చీలో నేను కూర్చుని ఆవిడని నేర్చుకోమంటే ఎలా.

పైగా ఇంకో భయం ఉంది, అందరికీ ఉంటుంది, పైకి చెప్పరు. నేను 15,000 పెట్టి పంపిస్తాను, ఆవిడ సర్టిఫికెట్ తెచ్చుకుని వచ్చే జూన్‌కల్లా ఇంకో నాలుగు వేలు ఎక్కువిచ్చే స్కూల్లో చేరుతుంది. ఒకసారి దెబ్బ తిన్నాను కాబట్టే చెప్తున్నాను.

అయితే నేను దేనికి డబ్బులిస్తానో కూడా చెప్తాను. నిరుడు అపార్ ఐడీలకి, అంటే దేశమంతా ఒక్కో విద్యార్థికి ఇచ్చే నంబర్లకి, మా ఆఫీసు రోజుల తరబడి ఆగిపోయింది. అడ్మిషన్ రిజిస్టర్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, కొందరికి ముందు, కొందరికి వెనక. ఒక పిల్లకి తండ్రి పేరు రెండు చోట్ల రెండు రకాలు. ఏది మార్చాలి, ఆధారా, రిజిస్టరా, రిజిస్టర్ దిద్దాలంటే ఏ కాగితం కావాలి, ఎవరు సంతకం పెట్టాలి, తల్లిదండ్రులతో ఏం రాయించుకోవాలి? మా అకౌంటెంట్ గారు ఎంఈఓ ఆఫీసుకి ఎన్నిసార్లు తిరిగారో లెక్క లేదు. పదో తరగతి నామినల్ రోల్‌లో (పరీక్ష రాసే పిల్లల జాబితాలో) అక్షరం తేడా పడితే అది మెమో మీదకెక్కుతుంది, ఆ పిల్ల జీవితాంతం దాన్ని మోయాలి, వాళ్ల నాన్న వచ్చి నన్ను కడుగుతాడు. ఈ ఒక్క పని తప్పుల్లేకుండా చేయడం నేర్పించండి, మా ఆయన్ని అడగకుండానే డబ్బులు కట్టేస్తాను. బకాయి ఫీజులు గొడవ లేకుండా వసూలు చేయడం ఎలాగో నేర్పితే దానికీ కడతాను. టైమ్ మేనేజ్‌మెంట్‌కి మాత్రం పైసా ఇవ్వను.

పాత ఏజీఎం

మేడం చెప్పింది బడ్జెట్ స్కూళ్ల సంగతి, నేను మిగతాది చెప్తాను. పదేళ్లు ఒక పెద్ద కార్పొరేట్ స్కూళ్ల గ్రూపులో పనిచేశాను, పేరెందుకులే.

మీ లిస్టులో మొదట కొట్టేయాల్సింది కార్పొరేట్ బ్రాంచీలు. వాళ్ల ట్రైనింగు వాళ్లే ఇచ్చుకుంటారు, బ్రాంచి ప్రిన్సిపాల్‌కి రెండు వేలు ఖర్చు పెట్టే అధికారం కూడా ఉండదు, అన్నీ జోనల్ ఆఫీసులోనే. మన బెజవాడ, గుంటూరుల్లో వీటి సంఖ్య ఎంతో మీకు నేను చెప్పక్కర్లేదు, బోర్డు లేని వీధి లేదు. ప్రభుత్వ స్కూళ్లని మీరు ఎలాగూ వేసుకోలేదు, మంచిదే. హెచ్ఎంలకి ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది, 2019లో మొదలైన నిష్ఠ అనే కేంద్ర ప్రభుత్వ ట్రైనింగ్‌లో స్కూల్ హెడ్స్ కూడా ఉన్నారు, ఢిల్లీలో నీపా అనే కేంద్ర విద్యా సంస్థ కింద స్కూల్ లీడర్‌షిప్‌కి ప్రత్యేకంగా ఒక సెంటరే ఉంది. అంటే పోటీ లేదన్న మీ బావమరిది మాట తప్పు. పోటీ ఉంది, అదీ ఫ్రీగా.

సీబీఎస్ఈ స్కూళ్లని విడిగా చూడండి. అక్కడ ప్రిన్సిపాల్‌తో సహా ఏటా 50 గంటల ట్రైనింగ్ ఉండాలి, జాతీయ విద్యా విధానం 2020లో ఉన్నదే అది. వినగానే ఆశ పుడుతుంది గానీ అందులో 25 గంటలు బోర్డు నుంచో ప్రభుత్వ సంస్థల నుంచో రావాలి, మిగతా 25 స్కూలే సొంతంగా పెట్టుకోవచ్చు. మీకు చోటు దొరికితే ఆ రెండో 25లో దొరకాలి, అదీ మిమ్మల్ని స్కూలుకి పిలిపించుకుంటే. గవర్నర్‌పేట హాలుకి వాళ్లు రారు. వాళ్లకి పనికొచ్చే సబ్జెక్టు ఒకటి చెప్తాను, పోక్సో, అంటే పిల్లల మీద లైంగిక నేరాల చట్టం. కింద పనిచేసేవాడు తప్పు చేశాడని తెలిసీ సంస్థ బాధ్యుడు రిపోర్టు చేయకపోతే ఏడాది దాకా జైలు పడొచ్చు. ఈ సంగతి తెలియని ప్రిన్సిపాల్స్‌ని చాలామందిని చూశాను. తెలిశాక అందరూ కుర్చీలో ముందుకి జరిగి కూర్చుంటారు.

లెక్కల గురించి ఇంకో మాట. నెట్‌లో దొరికే పాత జిల్లా లెక్కలు కలిపేశారేమో చూసుకోండి. 2022 ఏప్రిల్‌కి ముందు గుంటూరు జిల్లా అంటే నరసరావుపేట, బాపట్ల కూడా అందులోనే. అసలు జిల్లా మొత్తం పట్టుకుని శాతాలు తీయడం మానేయండి. కానూరు నుంచి పోరంకి దాకా బందరు రోడ్డు పట్టుకుని బండి మీద వెళ్లి కనపడిన ప్రతి స్కూలు రాసుకోండి. అందులో కార్పొరేట్‌వి తీసేయండి. తర్వాత 200 మంది పిల్లల కంటే తక్కువున్నవి తీసేయండి, అక్కడ ఏఓ అనేవాడే ఉండడు. మిగిలిన గేట్ల లోపలికి వెళ్లండి. వందలో ఎన్ని మిగిలాయో అదే మీ మార్కెట్. ఐదు శాతం ఆ తర్వాతి మాట.

బస్సు ఫిట్‌నెస్ ఏజెంట్

హాలుకి అడ్వాన్స్ ఇచ్చారా? ఇస్తే ముందు వెనక్కి తెచ్చుకోండి.

సాఫ్ట్‌వేర్ అమ్మేవాణ్ణి

స్కూళ్లకి ఫీజు సాఫ్ట్‌వేర్ అమ్ముతూ ఆరేళ్లుగా తెనాలి, సత్తెనపల్లి, నూజివీడు, జగ్గయ్యపేట అన్నీ తిరుగుతున్నాను అన్నా. మీరు అమ్మబోయేది కూడా అదే కుర్చీలో కూర్చున్నాయనకే కాబట్టి నా అనుభవం పనికొస్తుంది. కరస్పాండెంట్ "చూద్దాం అండి" అంటే కాదని అర్థం. "మా అకౌంటెంట్‌తో మాట్లాడండి" అన్నా కాదనే. "ఐడియా చాలా బాగుంది, ఇలాంటిది కావాలండి మనకి" అని టీ తెప్పిస్తే అసలు ఆశ వదిలేసుకోండి. "ఎంతకిస్తారు, తగ్గదా" అన్నారా, అప్పుడు బ్యాగు కింద పెట్టండి. కాబట్టి మీరు సర్వే అంటూ ఫారాలు పంచకండి, మన దగ్గర ఎవరూ మొహం మీద బాగాలేదని చెప్పరు. డబ్బులడగండి, ఐదొందలైనా సరే, అడ్వాన్స్ అడిగినప్పుడే నిజం బయటికొస్తుంది.

సీజన్ కూడా చూసుకోండి. జనవరి నుంచి అడ్మిషన్ల గోల, ఫిబ్రవరి, మార్చి పదో తరగతి, ఏప్రిల్‌లో బకాయి ఫీజులు, మే 15తో బస్సుల ఫిట్‌నెస్ సర్టిఫికెట్ల గడువు అయిపోతుంది, జూన్‌లో స్కూళ్లు తెరుస్తారు, పుస్తకాలు, యూనిఫాంలు. ఈ ఆరు నెలలు వాళ్లు ఫోనే ఎత్తరు. మీకు మిగిలేది జులై నుంచి డిసెంబర్ దాకా, అందులో దసరా సెలవులు బంగారం. ఎనిమిది ఆదివారాలంటే ఎవరూ రారు, ఆదివారం ఒక్కటే కదా వాళ్లకీ ఉండేది. ఒక్క రోజు పెట్టండి.

జీఎస్టీ మాట ఎవరూ ఎత్తలేదు. స్కూలు పిల్లలకి చెప్పే చదువుకి జీఎస్టీ లేదు గానీ మీరు స్కూలు సిబ్బందికిచ్చే ట్రైనింగ్‌కి 18 శాతం ఉంటుంది. ఏడాదికి 20 లక్షలు దాటేదాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు కాబట్టి ఇప్పుడు ఇబ్బంది లేదు. దాటిన రోజు మీ 15,000 కాస్తా 17,700 అవుతుంది, ఆ 2,700 స్కూలుకి తిరిగి రాదు, వాళ్లు ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోలేరు. ధర పెట్టేటప్పుడే ఇది మనసులో పెట్టుకోండి.

తెనాలి లెక్కల టీచర్

నేను ఇంకో రకం. స్కూలు పంపించక్కర్లేదు, నా డబ్బులు నేనే కట్టుకుంటాను.

పదకొండేళ్లుగా లెక్కలు చెప్తున్నాను. వచ్చే ఏడాది వైస్ ప్రిన్సిపాల్‌గా ఉండమని అడిగారు, సరేనన్నాను గానీ రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు, అంత టెన్షన్. బ్రాడీపేట మేడంకి కోపం రాకపోతే ఒక మాట, లీడర్‌షిప్ అక్కర్లేదనడం మీ కుర్చీలోంచి చూస్తే నిజమే. నిన్నటిదాకా ఒకే టిఫిన్ బాక్సులో తిన్న సోషల్ టీచర్‌ని రేపు "మీ నోట్స్ కరెక్షన్ కాలేదు" అని ఎలా అడగాలి? టైమ్‌టేబుల్‌లో ఇద్దరు ఒకేరోజు సెలవు పెడితే ఎవరిని ఎక్కడికి పంపాలి? ఇవి నాకు చెప్పేవాళ్లు లేరు. ఉచిత ఆన్‌లైన్ కోర్సు ఒకటి మొదలుపెట్టి రెండో పాఠంలో ఆపేశాను, అందులో చెప్పేవేవీ మా స్కూల్లాంటి చోట జరిగేవి కావు. తెలుగులో, మన స్కూళ్లలో జరిగేవి తీసుకుని చెప్తే నాలాంటివాళ్లు ఉంటారు. కానీ 15,000 నా నెల జీతంలో చాలా భాగం అండి. రెండు వేల లోపైతే రేపే.

విజయవాడలో పెడితే మాత్రం రాలేను. పాపకి ఆదివారం మధ్యాహ్నం డ్యాన్స్ క్లాసు.

పటమట ఏఓ

మూడు వారాలైంది, ఏమైందో చెప్పాలి కదా. ఏజీఎం గారు చెప్పినట్టు బండి వేసుకుని తిరిగాను. కానూరు, పోరంకి, పెనమలూరు, ఇటు మంగళగిరి. రాసుకున్నవి 46. కార్పొరేట్‌వి, చిన్నవి పోగా మిగిలినవి 19. లోపలికి రానిచ్చినవి 12. అందులో ఏడుగురు ఐడియా బాగుందన్నారు, నలుగురు టీ కూడా ఇచ్చారు (సాఫ్ట్‌వేర్ తమ్ముడికి దండం). కోర్సుకి అడ్వాన్స్ ఇచ్చినవాళ్లు సున్నా. నా కాగితం మీద ఇదే రోడ్డుకి ఐదుగురు రావాలి.

రెండో వారం కోర్సు మాట మానేసి, "అపార్, నామినల్ రోల్స్, పేర్ల తేడాలు, ఒక్క రోజు, మనిషికి 1,200, మీ రిజిస్టర్ మీరే తెచ్చుకోండి, తప్పులు అక్కడే దిద్దుకుని వెళ్లండి" అని అవే గేట్లకి మళ్లీ వెళ్లాను. ఆరుగురు కట్టారు. ఒకాయన తగ్గించమని అడిగితే సంతోషంతో నిజంగానే వంద తగ్గించాను. ఇంకో కరస్పాండెంట్ నేర్పడం ఎందుకయ్యా, నెలకింతని తీసుకుని నువ్వే వచ్చి చేసిపెట్టు అన్నారు. అది ట్రైనింగ్ కాదు, కానీ ఆ మాట తర్వాత రెండు రోజులు దాని గురించే ఆలోచించాను, ఇంకా ఏమీ తేల్చుకోలేదు. ఇప్పటిదాకా నాలుగు లక్షల్లో ఖర్చయింది పెట్రోలు, ఒక ఫ్లెక్సీ.

గవర్నర్‌పేట హాలు వదిలేశాను. మొదటిది దసరా సెలవుల్లో మంగళగిరిలో, ట్యూషన్ సెంటర్ పైన ఒక గది, పది మంది పడతారు. తెనాలి మేడం, మీ కోసం అక్కడే ఒక ఆదివారం పొద్దుటి పూట పెడతాను, మీలాంటివాళ్లు ఇంకో నలుగురు దొరికితే. టిఫిన్ బాక్స్ ప్రశ్నకి నా దగ్గర జవాబు ఉంది, అదీ తిట్లు తినే నేర్చుకున్నాను.

బ్రాడీపేట మేడం, మీ అకౌంటెంట్ గారిని పంపుతారా? ఆయనకి 1,200 వద్దు, ఇరవై రెండేళ్ల అనుభవం ఉన్న మనిషి పక్కన ఉంటే నాకే ధైర్యం.

బ్రాడీపేట కరస్పాండెంట్

పంపుతాను. డబ్బులు తీసుకోండి, ఊరికే వద్దు. మీ వాళ్లెవరైనా ఆయన్ని జీతం ఎంతని అడిగితే మాత్రం మధ్యలో మాట మార్చేయండి.