‘పారఫిన్’ అన్న మాట: స్నేహమా, వియ్యమా?

ప్రశ్న: సభ్యులకు నమస్కారం. ఆల్కేన్లకు, అంటే కార్బన్, హైడ్రోజన్ మాత్రమే ఏకబంధాలతో కలిసిన పదార్థాలకు, పారఫిన్లనే పాత పేరు ఉన్నదనీ, లాటిన్‌లో దానికి ‘స్నేహం తక్కువ’ అని అర్థమనీ మా అమ్మాయి రసాయనశాస్త్ర పుస్తకంలో చదివాను. రవ్వ తగిలితే భగ్గుమనే వంటగ్యాసుకు, అంటే ప్రొపేన్, బ్యూటేన్‌లకు, ఈ పేరు ఎలా పొసగుతుందో పెద్దలు వివరించగలరు.

జవాబు: అయ్యా, మంచి ప్రశ్న. 1830లో జర్మన్ రసాయనవేత్త రైఖెన్‌బాఖ్ కట్టెల తారు నుండి తెల్లని మైనం వంటి పదార్థాన్ని వేరుచేసి, అది ఇతర పదార్థాలతో అంత తేలికగా చర్య జరపకపోవడం గమనించి, కొద్ది అనే అర్థమున్న ‘పారుమ్’ను, సంబంధమున్నది అనే అర్థమున్న ‘అఫినిస్’తో కలిపి ఆ పేరు పెట్టాడు. పెళ్లి వల్ల ఏర్పడిన చుట్టాన్నీ అఫినిస్ అంటారు కనుక, స్నేహం కంటే మన ‘వియ్యం’ మూలానికి దగ్గరని నా అభిప్రాయం. పైగా స్నేహమంటే మన నిఘంటువుల్లో చెలిమి మాత్రమే కాదు, నూనె కూడా. ఆ అనువాదం ఇక్కడ అయోమయానికి దారితీస్తుంది.

ఇక మంట సంగతి. ఆల్కేన్‌లో ప్రతి కార్బన్ తన నాలుగు బంధాలనూ హైడ్రోజన్‌తోనో పక్క కార్బన్‌తోనో ఏకబంధాలుగా నింపుకొని ఉంటుంది. పాఠ్యపుస్తకాల్లోని ‘సంతృప్త’ అన్న విశేషణం చెప్పేది ఇదే. ఆ బంధాలు దృఢమైనవి, వాటిలో విద్యుదావేశ భేదమూ దాదాపు ఉండదు కనుక, మామూలు వేడిమి వద్ద ఆమ్లాలకూ క్షారాలకూ పట్టు దొరకదు. అయితే రవ్వ వేడికి కొన్ని బంధాలు తెగి చర్య మొదలైతే, ఆక్సిజన్‌తో ఏర్పడే కార్బన్ డయాక్సైడ్, నీటి అణువుల బంధాలు మొత్తం మీద ఇంకా దృఢమైనవి కావడంతో, ఆ తేడా అంతా వేడిగా వెలువడి చర్యను కొనసాగిస్తుంది. 16 గ్రాముల మీథేన్ పూర్తిగా మండితే దాదాపు 890 కిలోజౌళ్లు వస్తాయి. అంటే ఆ పేరు చెప్పేది చర్య మొదలవడంలోని జంకునే గాని, మొదలయ్యాక వచ్చే శక్తిని కాదు.

మరొక సభ్యుని చేర్పు: కిరసనాయిలు మాటలోనూ మైనమే ఉన్నది. 1854లో కెనడా భూగర్భశాస్త్రవేత్త గెస్నర్, మైనం అనే అర్థమున్న గ్రీకు ‘కేరోస్’ నుండి కిరోసిన్ అన్న పేరు తీశాడు. దానికి మనం ఆయిలును సంధి చేసుకున్నాం. తెలంగాణలో దీన్నే గ్యాసునూనె అంటారు. నువ్వుల నెయ్యి నుండి పుట్టిన ‘నూనె’ రాతి చమురుకూ చెల్లినట్లే, కొవ్వుతో చేసిన రోజుల నాటి ‘కొవ్వొత్తి’ ఇప్పుడు పారఫిన్ మైనపు వత్తికీ చెల్లుతున్నది.