ఆయిల్ బావులకి గట్టి రూల్స్ కావాలని ఊరోళ్ళు సంతకాలు పెడతా ఉండారు, పెడితే లాభమేనా?

అలిపిరి_బైపాస్:
అన్నలూ, మాది తిరుపతి. మా అక్కని కోనసీమలో ఇచ్చినాము, రాజోలు పక్క పల్లె. వాళ్ళ ఊరి పొలిమేరలో గ్యాస్ కోసం కొత్త బావి వేస్తారంట. ఇండ్లకి దూరంగా వేయల్ల, నీళ్ళూ గాలీ ముందే టెస్ట్ చేసి ఆ రిపోర్టు పంచాయతీలో పెట్టల్ల అని కాగితం రాసి ఇల్లిల్లూ తిరుగుతా ఉండారు. అక్క పెట్టేసింది. బావ పెట్టనంటాడు, వాళ్ళ చిన్నాయన కొడుకు అట్లాంటి బావుల కాడే కాంట్రాక్టు పని చేస్తాడు, వాడి పనికి ఎసరొస్తాదని ఆయన భయం. ఇద్దరూ నాకే ఫోన్లు, తీర్పు చెప్పమని. మనకాడ ఆయిల్ బావులు యాడుండాయి, నాకేం తెలుసు! వాళ్ళు అడిగేది న్యాయమేనా? జనం సంతకాలు పెడితే ఎవురన్నా వింటారా?

బోరుబండి_పలమనేరు:
నాకు తెలిసింది నీళ్ళ బోర్లే అన్నా, అయినా ఒక మాట. మనం పొలంలో బోరు వేసుకోవాలంటేనే వాల్టా చట్టం కింద ఊరి తాగునీళ్ళ బోరుకి 250 మీటర్ల లోపల వేయకూడదు అని ఉండాది కదా. మనది వెయ్యడుగులు పోతేనే అమ్మో అంటాము, వాళ్ళు కిలోమీటర్లు పోతారు, లోపల ప్రెషర్ గ్యాస్. దారిలో మంచినీళ్ళ పొర దాటేకాడ కేసింగ్ పైపు దింపి చుట్టూ సిమెంట్ కొట్టల్ల, అది సరిగ్గా పట్టకపోతే పైకొచ్చేది యాడికి పోతాదో ఎవురు చూసినారు. బావి పక్కన మడ్ గుంత, అంటే తవ్వేటప్పుడు వచ్చే బురద పోసే గుంత, తవ్వుతారు, దాని అడుగున షీటు చినిగితే కొబ్బరితోట గతేంది? అందుకే నీళ్ళు ముందే టెస్ట్ చేయించమనడం శానా తెలివైన పని. రేపు బోరులో ఉప్పునీళ్ళొస్తే 'ముందు నుంచీ ఇంతే' అంటారు, నీ చేతిలో పాత రిపోర్టు లేకపోతే నోరు మూసుకోవాల్సిందే.

పుత్తూరు_సీనియర్:
ఎదురు చెప్తాండా అనుకోవద్దండి. మనం వాడే క్రూడ్ ఆయిల్‌లో 85 శాతం పైనే బయట నుంచి కొంటా ఉండాం. ఇక్కడ దొరికే రవ్వంతకీ వంద కండిషన్లు పెడితే ఎట్ల? కోనసీమలో ఎంత మందికి పనులున్నాయో చూడండి.

నగరి_టు_చెన్నై:
సీనియర్ గారూ, బావి వద్దు అని వాళ్ళు అనలేదే, దూరంగా వెయ్యండి, లెక్క చూపండి అంటా ఉండారు. ఆ ఊర్లోళ్ళకి భయం ఊరికే రాలేదు. పాశర్లపూడిలో 1995 జనవరి 8న బావిలోంచి గ్యాస్ అదుపు తప్పి ఎగదన్ని (బ్లోఅవుట్ అంటారు) 65 రోజులు మండింది, అదే కోనసీమ. ఆ పక్కనే నగరం అనే ఊర్లో 2014 జూన్ 27న గ్యాస్ పైపులైను పేలి 20 మందికి పైగా పోయినారు, తెల్లారేటప్పటికి ఇండ్లు బూడిద. గ్యాస్ మండించే చోట మసి, ఆవిర్లలో బెంజీన్, అది ఏళ్ళ తరబడి పీలిస్తే బ్లడ్ క్యాన్సర్ ప్రమాదం. కాంట్రాక్టు తమ్ముడు ముందు నిలబడేది ఆ బావి కాడే కదండీ, రూల్స్ గట్టిగా ఉంటే ముందు మేలు వాడికే.

ఇంక బైపాస్ అన్నా, నువ్వు ముందు కనుక్కోవాల్సింది ఒకటి. అది వెతుకులాట బావా, ఉత్పత్తి బావా? 2020 జనవరిలో కేంద్రం పర్యావరణ అనుమతుల రూలు మార్చి వెతుకులాట బావుల్ని బి2 అనే కేటగిరీలో వేసింది, దానికి పబ్లిక్ హియరింగ్, అంటే జనాన్ని పిలిచి మాట అడిగే మీటింగ్, లేదు. ఉత్పత్తికైతే ఉండాది. కనీసం 30 రోజుల ముందు పేపర్లో నోటీసు ఇయ్యల్ల, కలెక్టర్ గానీ ఆయన తరఫున వచ్చినోళ్ళు గానీ కూర్చోవల్ల, పర్యావరణ రిపోర్టు సారాంశం తెలుగులో దొరకల్ల. ఎంతమంది రావాలనే కోరం లేదు, పది మంది వచ్చినా జరిగిపోతాది. అందుకే సంతకాలు ఒక్కటే చాలవు, ఆ రోజు పోయి మాట్లాడల్ల, మీటింగ్ అయ్యాక మినిట్స్ చదివి వినిపిస్తారు, మన మాట అందులో ఎక్కిందో లేదో అప్పుడే చూసుకోవల్ల.

పీలేరు_కాలిఫోర్నియా:
వింటారా అన్నారు కదా, మా పక్క జరిగింది చెప్తా. ఇక్కడ కాలిఫోర్నియాలో 2022లో చట్టం చేసినారు, ఇళ్ళకీ ఇస్కూళ్ళకీ 3,200 అడుగుల లోపల కొత్త ఆయిల్ బావి వద్దని, అంటే కిలోమీటరుకి కొంచెం తక్కువ. ఆయిల్ కంపెనీలు ఊరుకుంటాయా, వాళ్ళూ సంతకాలే సేకరించి దాన్ని ఓటుకి తెచ్చి ఆపించినాయి, 2024 జూన్‌లో వాళ్ళే వెనక్కి తీసుకున్నారు, చట్టం అమలుకొచ్చింది. అమెరికాలోనే ఇంకో రాష్ట్రం కొలరాడోలో 2018లో 2,500 అడుగులని ఓటు పెడితే జనమే ఓడించినారు, డబ్బులు కుమ్మరించినారులే. అయినా మరుసటేడే అసెంబ్లీ చట్టం మార్చింది, 2020లో 2,000 అడుగుల రూలు వచ్చింది. సర్వేలో అడిగితే అందరూ రూల్స్ కావాలనే అంటారు అన్నా, తీరా ఓటు కాడికొచ్చేసరికి 'పనులు పోతాయి' అనే మాట పనిచేస్తాది. మీ బావది అదే భయం, తప్పు పట్టొద్దు.

అలిపిరి_బైపాస్:
థాంక్స్ అన్నలూ. బావకి తమ్ముడి సేఫ్టీ మాట చెప్పినా, 'ఆలోచిస్తా' అన్నాడు, నిన్న అది కూడా అనలేదు. అది ఏ రకం బావో కనుక్కోమని అక్కకి చెప్పినా, పంచాయతీలో అడిగితే 'గ్యాస్ బావి' అన్నారంట, అంతే! కలెక్టరేట్‌లో ఎవురిని అడగల్లో తెలిసినోళ్ళుంటే చెప్పండి. బోరుబండి అన్నా, నీళ్ళలో ఏమేం టెస్ట్ చేయించల్ల?

బోరుబండి_పలమనేరు:
టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాల లెక్క), క్లోరైడ్ (ఉప్పు) ముందు చేయించు. ఆయిల్, బెంజీన్ కూడా చూడమను, అది పెద్ద ల్యాబుల్లోనే. శాంపిల్ తీసేటప్పుడు పంచాయతీ వాళ్ళని నిలబెట్టి సంతకం పెట్టించు.