సాఫ్ట్‌టాప్ జీపులో సీట్ హీటర్లు: కరెంటు ఎక్కణ్ణుంచి లాగాలి?

ప్రశ్న (నోవై జీపువాడు)

అందరికీ నమస్కారం. నాది 2013 జీప్ రాంగ్లర్ జేకే స్పోర్ట్. రెండు డోర్లు, సాఫ్ట్‌టాప్ (పైకప్పు గుడ్డది), గుడ్డ సీట్లు. ఉండేది మిషిగన్‌లో. ఎండాకాలం ఆఫ్‌రోడ్ తిరగడానికి హాలీ ఓక్స్‌కి, వీలైతే డ్రమండ్ ఐలాండ్‌కి తీసుకెళ్తాను. బురద నీళ్ళు లోపలికి రావడం మామూలే. చలికాలం మాత్రం ఇదే ఆఫీసు బండి. హీటర్ ఎంత పెట్టినా ఆ వేడంతా టాపులోంచి బయటికే పోతుంది.

డిసెంబరులో అమ్మ గుంటూరు నుంచి వస్తోంది. నడుం నొప్పి మనిషి. "ఆ డేరా బండిలో నేను కూర్చోను" అని ఫోన్‌లోనే తేల్చి చెప్పేసింది. అందుకని ముందు సీట్లు రెండింటికీ హీటర్లు పెడదామనుకుంటున్నాను. కార్బన్ ఫైబర్ ప్యాడ్ల కిట్ ఒకటి చూశాను, సీటుకి రెండు ప్యాడ్లు, ఒకటి కుషన్‌లోకి, ఒకటి వీపు భాగంలోకి. జంక్‌యార్డులో ఫ్యాక్టరీ హీటెడ్ లెదర్ సీట్లు కూడా కనిపించాయి. రెంట్లో ఏది మేలు? ప్యాడ్లయితే సిగరెట్ లైటర్ వైరుకే కలిపేయొచ్చా? మల్టీమీటర్ వాడటం వచ్చు. సీటు కవర్ మాత్రం ఎప్పుడూ విప్పలేదు.

జవాబు (ట్రాయ్ నుంచి)

ఇంత శ్రమ ఎందుకు బ్రదర్? లైటర్ సాకెట్‌లో గుచ్చుకునే హీటెడ్ కుషన్ దొరుకుతుంది, సీటు మీద పరిచేయండి. అమ్మగారు వెళ్ళిపోయాక తీసి గరాజ్‌లో పడేయండి.

జవాబు (హార్నెస్ రాజమండ్రి)

నేను ఆబర్న్ హిల్స్ దగ్గర ఒక సప్లయర్‌లో వైరింగ్ హార్నెస్ (బండి వైర్లన్నీ కలిపి కట్టిన కట్ట) పనిలోనే ఉన్నాను. కాబట్టి కొంచెం పొడుగ్గా చెప్తాను, ఏమీ అనుకోకండి.

జంక్‌యార్డు సీట్ల మాట మర్చిపోండి. బోల్టులు కలుస్తాయి, సీటు కూర్చుంటుంది, కానీ వెచ్చబడదు. ఫ్యాక్టరీ హీటర్‌కి దాని మాడ్యూలు, డ్యాష్‌లో స్విచ్‌లు, వాటి హార్నెస్ కావాలి. ఆ పైన ఈ బండికి హీటెడ్ సీట్లున్నాయని కంప్యూటర్‌లో రాయించాలి. ప్యాడ్లే నయం.

లైటర్ వైరు జోలికి వెళ్ళకండి. ఒక్కో ప్యాడ్ సుమారు 2.5 ఆంప్స్ లాగుతుంది. నాలుగూ హైలో పెడితే 10 ఆంప్స్. అదే లైనులో ఫోన్ ఛార్జరు, టైరు గాలి పంపు కూడా పెడతారు మీరు, ట్రయల్ బండి కదా. పంపు ఆన్ చేసిన రోజు ఫ్యూజ్ పోతుంది. అప్పుడు కొందరు పెద్ద ఫ్యూజ్ గుచ్చుతారు. ఫ్యూజ్ ఉన్నది వైరుని కాపాడటానికి. ఫ్యూజ్ పెంచితే కాలేది కార్పెట్ కింద వైరు.

బ్యాటరీ నుంచి విడిగా ఒక లైను లాగండి. 12 గేజ్ రాగి వైరు (గేజ్ అంకె తగ్గేకొద్దీ వైరు లావు), బ్యాటరీ ప్లస్‌కి వీలైనంత దగ్గర్లో 15 ఆంప్స్ ఫ్యూజ్, తర్వాత రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్. 14 గేజ్ కూడా ఆగుతుంది, కానీ లెక్క చూడండి: రానూపోనూ 6 మీటర్ల వైరులో 10 ఆంప్స్ నడిస్తే 14 గేజ్‌లో అర వోల్టు పోతుంది, 12 గేజ్‌లో 0.3 వోల్టే. ధరలో తేడా కాఫీ ఖర్చంత కూడా ఉండదు.

రిలే కాళ్ళకి అంకెలుంటాయి: 30కి బ్యాటరీ లైను, 87 నుంచి సీట్లకి, 85 గ్రౌండుకి. 86కి ఇగ్నిషన్ ఆన్‌లో ఉన్నప్పుడే బతికే ఫ్యూజ్ నుంచి ఫ్యూజ్ ట్యాప్‌తో (ఫ్యూజ్ చోట గుచ్చి ఇంకో లైను తీసే ముక్క) తీసుకోండి. స్టార్ట్ కొట్టేటప్పుడు కాసేపు ఆగిపోయే ఫ్యూజ్ అయితే ఇంకా మంచిది. సున్నా ఫారెన్‌హీట్‌లో బ్యాటరీ తన బలంలో 60 శాతం దాకా పోగొట్టుకుంటుందని ట్రిపుల్ ఏ (అమెరికా వాహనదారుల సంఘం) వాళ్ళ లెక్క. ఆ క్షణంలో సీట్లు కూడా దాన్ని పీల్చక్కర్లేదు.

డ్రైవర్ వైపు ఫైర్‌వాల్‌లో (ఇంజనుకీ క్యాబిన్‌కీ మధ్య గోడ) పెద్ద హార్నెస్ వెళ్ళే రబ్బరు గ్రొమెట్, అంటే కన్నానికి వేసిన రబ్బరు రింగు ఉంటుంది, వైరు అక్కణ్ణుంచి లోపలికి తీయండి. తర్వాత నేల మీద కాకుండా మధ్య కన్సోల్ పక్కనే ఎత్తుగా నడపండి. మీ బండి ఫ్లోర్‌లో డ్రైన్ ప్లగ్గులు ఎందుకున్నాయో మీకు తెలుసుగా, నీళ్ళు నిలిచేది అక్కడే. జాయింట్లకి జిగురున్న హీట్ ష్రింక్ (వేడి చేస్తే బిగుసుకునే గొట్టం) వేయండి, కనెక్టర్లు సీల్ ఉన్నవే కొనండి. వైరుని కొరికి పట్టుకునే నీలం ట్యాప్ క్లిప్పులు వద్దు. మిషిగన్ ఉప్పుకి అవి రెండో చలికాలం చూడవు. సోల్డర్ కూడా వద్దు, సరైన క్రింపే (టెర్మినల్‌ని నొక్కి బిగించడం) మేలు. సోల్డర్ పాకినంత మేర వైరు బిగుసుకుపోతుంది, కుదుపులకి ఆ అంచు దగ్గరే తెగుతుంది. గ్రౌండు సీటు ఫ్రేముకి కాదు, పెయింటు గీకి బాడీకే బిగించండి.

ఇంకోటి, రెండు డోర్ల బండి కాబట్టి వెనక్కి ఎక్కాలంటే సీటు వంగి ముందుకి జరుగుతుంది. వైరుకి ఆ మేరకి వదులు ఉంచండి. సీటు జరిగే పట్టాలో ఇరుక్కుంటే షార్టే.

సీటు సంగతి: ముందు బ్యాటరీ నెగటివ్ తీసి రెండు నిమిషాలైనా ఆగండి. సీటు కింద పసుపు కనెక్టరు ఉంటే సైడ్ ఎయిర్‌బ్యాగ్ ఉన్నట్టే. దాన్ని ఊడదీశాక మళ్ళీ గుచ్చేదాకా ఇగ్నిషన్ ఆన్ చేయొద్దు, చేస్తే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి కూర్చుంటుంది. కవర్‌ని పట్టి ఉంచే హాగ్ రింగులు (చిన్న ఇనుప కొక్కేల్లాంటివి) కత్తిరించండి. తిరిగి బిగించడానికి ఆ ప్లయర్సే కొనండి, మామూలు పటకారుతో వేళ్ళు పోతాయి. ప్యాడ్‌ని కవర్ లోపలికి లాగి కట్టే గాడి మీదుగా మడత పడనివ్వకండి. అతికించే ముందు ఒకసారి, కవర్ వేశాక ఇంకోసారి ఓమ్స్ చూడండి. ఒక్కో ప్యాడ్ 5 దగ్గర ఉండాలి. రెండోసారి అంకె మారిందంటే లోపల ఏదో నలిగింది.

ఇక మిమ్మల్ని రెండు విషయాలు అడగాలి. సీటు వీపు పక్కన ఎయిర్‌బ్యాగ్ అని ట్యాగ్ ఉందా? అమ్మగారికి షుగర్ ఉందా?

ప్రశ్న వేసినాయన (నోవై జీపువాడు)

అన్నా, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. చాలా థ్యాంక్స్. ట్యాగ్ ఉంది, పసుపు కనెక్టరూ ఉంది. ప్యాసింజర్ సీటు కుషన్ కిందికి ఇంకో సన్నటి వైరు కూడా పోతోంది. అమ్మకి షుగర్ పదేళ్ళ పైనుంచే ఉంది. ఈమధ్య అరికాళ్ళు, పిక్కలు మొద్దుబారుతున్నాయంటోంది. షుగర్‌కి, దీనికీ సంబంధం ఏంటి?

జవాబు (హార్నెస్ రాజమండ్రి)

సంబంధం ఉంది. షుగర్ వల్ల స్పర్శ తగ్గినవాళ్ళు, పెద్ద వయసువాళ్ళు సీట్ హీటర్ జాగ్రత్తగా వాడాలని కంపెనీ మాన్యువల్స్‌లోనే ఉంటుంది. మరీ ఎక్కువ వేడి కాకపోయినా గంటసేపు కూర్చుంటే చర్మం కాలొచ్చు, వాళ్ళకి తెలియదు. మనకైతే చురుక్కుమంటుంది, ఆఫ్ చేస్తాం.

ఆ సన్నటి వైరు సీట్లో మనిషి ఉన్నదీ లేనిదీ, బరువెంతో కనిపెట్టే సెన్సర్‌ది కావచ్చు. కుషన్‌లో ప్యాడ్ దూరిస్తే ఆ లెక్క చెడొచ్చు, ఎయిర్‌బ్యాగ్ పనిచేయాల్సినప్పుడు చేయకపోవచ్చు. అమ్మగారు సన్నటి మనిషైతే ఇంకా ఆలోచించాలి. ట్రాయ్ ఆయన చెప్పిన పైన పరిచే కుషన్‌కీ ఇదే ఇబ్బంది.

అందుకని నేనైతే డ్రైవర్ సీటుకి రెండు ప్యాడ్లు వేస్తాను. ప్యాసింజర్ సీటుకి వీపు ప్యాడ్ ఒక్కటే, నడుం దగ్గర మధ్యలో. ఎయిర్‌బ్యాగ్ ఉన్న పక్క అంచు వైపు జరపొద్దు, అది చీల్చుకుని రావాల్సిన కుట్టు అక్కడే ఉంటుంది. కుషన్ విప్పనే విప్పొద్దు. ఆవిడకి నొప్పి నడుంలోనే కాబట్టి వేడి కావాల్సిందీ అక్కడే. థర్మోస్టాట్ ఉన్న కిట్ మాత్రమే కొనండి. హై, లో ఉన్న స్విచ్ అయితే ఆవిడ వైపు హై వైరు కలపకుండా వదిలేయండి, లో మాత్రమే పనిచేస్తుంది. మొత్తం మూడు ప్యాడ్లు, 8 ఆంప్స్ లోపే. 12 గేజ్, 15 ఫ్యూజ్ అలాగే ఉండనివ్వండి.

జవాబు (ట్రాయ్ నుంచి)

సెన్సర్ సంగతి నేను ఆలోచించలేదు. నా దగ్గర హాగ్ రింగ్ ప్లయర్స్ ఉన్నాయి, కొనకండి. శనివారం ఇంట్లోనే ఉంటాను, వచ్చి తీసుకెళ్ళండి. కావాలంటే నేనూ వస్తాను, కవర్ లాగి పట్టుకోవడానికి ఇంకో మనిషి ఉండాల్సిందే.